టోపీల పెట్టె కట్టడం కూడా నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

మహిళా సంఘాల సరుకును ఆన్‌లైన్‌లో అమ్మించడం గురించి మీ పేజీల్లో తరచూ రాస్తున్నారు. శిక్షణల్లో ఫొటో ఎలా తీయాలో, ధర ఎలా పెట్టాలో బాగానే చెబుతున్నారు. పెట్టె కట్టే దగ్గరికి వచ్చేసరికి ‘జాగ్రత్తగా ప్యాక్ చేయండి’ అన్న ముక్కతో సరిపెడుతున్నారు. చీరకైతే ఆ మాట చాలు, టోపీకి చాలదు. 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన నరసాపురం లేసు అల్లికతో వెడల్పు అంచు టోపీలు చేసి అమ్మాలనుకునేవాళ్లకు లాభం మిగిలేదీ, పోయేదీ ఈ పెట్టె దగ్గరే.

కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. ఎక్కువ కొరియర్లలో ఇదే లెక్క. వచ్చిన అంకె, తూకం రెండింటిలో ఏది పెద్దదైతే దానికే డబ్బు. అంచు ఈ కొస నుంచి ఆ కొసకు 38 సెం.మీ. ఉన్న టోపీ పెట్టెతో కలిపి తూచినా కిలో తూగదు. దాన్నే 40×40×16 పెట్టెలో పెడితే 5.12 కిలోలు, అరకిలో శ్లాబుల్లో 5.5 కింద లెక్క. ఎత్తు 13కి దించితే 4.16, అంటే 4.5. మూడు సెంటీమీటర్ల గాలికి ఒక కిలో డబ్బు కడుతున్నామన్నమాట. 12.5కి దించితే సరిగ్గా 4 వస్తుంది కదా అని ఆశపడొద్దు. టేపు వేశాక మూత మిల్లీమీటరు ఉబ్బినా పై శ్లాబే. హబ్బులో, అంటే కొరియర్ వాళ్లు పార్శిళ్లు వేరుచేసే చోట, కొలిచే యంత్రం పెట్టె పొట్టను కూడా కలిపే కొలుస్తుంది. ఒకేచోటికి రెండు టోపీలు వెళ్లాలంటే ఒకదాంట్లో ఒకటి దూర్చి ఆ 16 ఎత్తు పెట్టె వాడుకోవచ్చు. అప్పుడది దండగ కాదు.

పెట్టె చిన్నదైతే టోపీ నలుగుతుందని భయం. నిజానికి నలిగేది పెట్టె చిన్నదై కాదు, లోపల బరువు మోసేది ఏమీ లేక. పుస్తకాల పెట్టె మీద ఇంకో పెట్టె పెడితే పుస్తకాలే మోస్తాయి. టోపీ పెట్టెలో ఉన్నది గాలి, అది మోయదు. అందుకని గిన్నెలో, అంటే తల కూర్చునే భాగంలో, ఒక అట్టచుట్టు నిలబెట్టాలి. త్రీ ప్లై, అంటే మూడు పొరల, అట్టను పట్టీగా కోయండి. పట్టీ ఎత్తు గిన్నె లోతు కంటే అర సెంటీమీటరు ఎక్కువ ఉండాలి: లోతు 10.5 అయితే పట్టీ 11. తల కొలత 58 సెం.మీ. టోపీకి చుట్టు 50 చాలు, ఎందుకంటే గిన్నె పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. అతుకుకు మూడు కలుపుకొని పట్టీ 53 పొడవు కోసి, గుండ్రంగా చుట్టి టేపు వేయాలి. కోసేటప్పుడు అట్ట మధ్య పొరలోని అలల్లాంటి ముడతలు నిలువుగా ఉండేలా చూసుకోవాలి. అడ్డంగా ఉంటే చుట్టడమూ కష్టం, కాస్త బరువు పడగానే కూలిపోతుంది కూడా. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. చుట్టు పైఅంచు టోపీ మీద గీతలా అచ్చుపడకుండా మధ్యలో టిష్యూ కాగితం ఉండ పెట్టాలి. ఇలా కూర్చోబెడితే పైబరువు చుట్టు మీదుగా అడుక్కి దిగిపోతుంది. అంచు దేనికీ తగలకుండా గాలిలో ఉంటుంది. అంచు కిందికి వాలే రకమైతే ఆ వాలు ఎంతో చూసి చుట్టు ఎత్తూ, పెట్టె ఎత్తూ పెంచాలి, తప్పదు.

కూరడానికి పాత పేపరు వాడొద్దు. మీ పత్రికే అయినా సరే, ఏమీ అనుకోకండి! తెల్ల నూలు అల్లిక మీద అచ్చుసిరా దిగితే ఉతికినా పూర్తిగా పోదు.

గంజి పెట్టి అంచు నిలబెట్టే టోపీలకు వానాకాలం గండం. గంజి గాలిలో తేమ పీల్చి మెత్తబడుతుంది, బూజూ పడుతుంది. పైకి ఎండినట్టున్నా అంచు కుట్టు దగ్గర చెమ్మ మిగులుతుంది. ఆ స్థితిలో పాలిథిన్ కవర్లో పెట్టి సీలు చేస్తే బూజును చేతులారా పెంచినట్టే. పూర్తిగా ఆరాకే కవర్లో పెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ 5 గ్రాముల పొట్లం ఒకటి వేయాలి. తడి గాలికి అట్టపెట్టె బలం కూడా తగ్గుతుంది, కాబట్టి ఆ నెలల్లో బయటి పెట్టెకు ఫైవ్ ప్లై (ఐదు పొరల) అట్ట వాడటం మంచిది.

గంజి, తీగ లేని మెత్తని టోపీలకు ఇంత హంగు అక్కర్లేదు. గిన్నెను లోపలికి నొక్కి, అంచును మడత గీత పడకుండా వదులుగా చుట్టి, 30×25 కొరియర్ కవర్లో 4 సెం.మీ. మందానికి సర్దితే 0.6 కిలో లెక్క వస్తుంది. అంచులో తీగ ఉంటే మాత్రం మడవొద్దు, తీగకు పడ్డ వంకర ఓ పట్టాన పోదు. క్రికెట్ టోపీలకు వెనక సగాన్ని ముందు సగంలోకి నొక్కి, నుదుటి వైపు కాగితం కూరితే చాలు. కవర్లో వేస్తే ముందు రేకు విరుగుతుంది, చిన్న పెట్టే మేలు.

సీలు చేశాక ఊపి చూడండి. లోపల కదిలిన చప్పుడైతే మళ్లీ విప్పాల్సిందే. కొత్త కొలత పెట్టె మొదలుపెట్టినప్పుడు ఒకదాన్ని నడుమెత్తు నుంచి మూల మీద, అంచు మీద, బల్లపరుపుగా జారవిడిచి విప్పి చూడాలి. ‘ఫ్రాజైల్’ స్టిక్కరు మీద నమ్మకం పెట్టుకోవద్దు, కన్వేయర్ బెల్టుకు చదువు రాదు. పెట్టెలో ఒక చీటీ కూడా వేయండి: సొట్ట పడితే ఇడ్లీ పాత్ర ఆవిరి కాసేపు పట్టి, తలకు సరిపడే వంటగిన్నె మీద బోర్లించి రాత్రంతా ఆరనివ్వమని. ఆ చీటీతో ఆగిపోయే రిటర్నులు చాలానే ఉంటాయి.

ఇక అడగదలచుకున్నది. విడిగా యాభై పెట్టెలు కావాలంటే మనం చెప్పిన కొలతకు ఎవరూ చేసివ్వరు. దొరికిన పెద్ద పెట్టె కొని, ఆ గాలికి కొరియర్ కట్టడమే మిగులుతుంది. శిక్షణ ఇచ్చే అధికారులు ఒక పూట నిజమైన టోపీలు, అట్ట, కత్తెర ముందు పెట్టి ఈ పని చేయించాలి. నాలుగైదు సంఘాలకు కలిపి 40×40×13 పెట్టెలు ఒకే ఆర్డరుగా ఇప్పించాలి. దీని మీద మీరొక కథనం వేస్తే వాళ్ల దృష్టికి వెళ్తుంది.

— టోపీలు పంపే పనిలో ఉన్న ఇద్దరం, నరసాపురం