కోడిని కోసే చేతుల జ్వరం ఎవరు చూడాలి?

సంపాదకులకు నమస్కారం.

2025 ఫిబ్రవరిలో మా తణుకు మండలం వేల్పూరులో, పక్కనే పెరవలి మండలం కానూరు అగ్రహారంలో ఫారాల కోళ్లు గుట్టలుగా చచ్చిపోయాయి. భోపాల్‌లోని పశువ్యాధుల ప్రయోగశాల అది హెచ్5ఎన్1, అంటే బర్డ్ ఫ్లూ వైరస్ అని తేల్చాక పశుసంవర్ధక శాఖ వాళ్లు రాత్రనక పగలనక పనిచేశారు. ఫారం చుట్టూ కిలోమీటరు లోపు కోళ్లను చంపి పూడ్చారు, 10 కిలోమీటర్ల దాకా నిఘా పెట్టారు. వాళ్లకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

అదే ఏడాది మార్చి 16న పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. ఆ పాపకు సోకింది హెచ్5ఎన్1 అని పుణె వైరాలజీ సంస్థ నిర్ధారించింది. కూరకని తెచ్చిన కోడిమాంసంలో పచ్చి ముక్క తిన్నదని వార్తలొచ్చాయి. ఆ ఇంటికీ మా ఊళ్ల చుట్టూ గీసిన గీతలకూ వంద కిలోమీటర్ల పైనే దూరం. మనం కాపలా కాసిందొక చోట, ప్రాణం పోయింది ఇంకో చోట.

అప్పట్లో చికెన్ మేళాలు పెట్టి, 70 డిగ్రీల వేడికి వైరస్ చచ్చిపోతుంది, బాగా ఉడికించి నిర్భయంగా తినండి అని చెప్పారు. నిజమే. కానీ అదంతా తినేవాళ్లకు చెప్పిన ధైర్యం. కోసేవాళ్ల సంగతో? మా మేనల్లుడు చికెన్ కొట్లో పనిచేస్తాడు. తెల్లారింది మొదలు కోయడం, డ్రమ్ములో వెయ్యడం, తోలు తియ్యడం, అన్నీ ఒట్టి చేతులతోనే. ఆ రోజుల్లోనే వాడికి జ్వరం, దగ్గు పట్టుకుంటే ఆసుపత్రికి తీసుకెళ్లాను. మలేరియాకి, డెంగీకి రక్తం తీశారు. నువ్వేం పని చేస్తావని ఒక్కరూ అడగలేదు. అయిదు రోజులకు తగ్గింది, బతికించాడు దేవుడు. అది ఏ జ్వరమో మాత్రం ఇవాళ్టికీ మాకు తెలీదు.

ఈ వైరస్ ఇంకా మనిషి నుంచి మనిషికి తేలిగ్గా పాకడం లేదంటున్నారు. ఆ గుణం ఎప్పుడైనా వస్తే ముందు బయటపడేది ఇలాంటి వాళ్ల జ్వరాల్లోనే కదా! ఫారాల్లోనే కాపురముండే ఒడిశా, బిహార్ కూలీలు, కోళ్ల వ్యర్థాలు ఎత్తేవాళ్లు, సంక్రాంతి కోడిపందేల బరుల దగ్గర పుంజుల గాయాలు తుడిచేవాళ్లు, పందెంలో చచ్చిన పుంజును (కోసను) ఇంటికి తెచ్చి బొచ్చు పీకే ఆడవాళ్లు... వీళ్ల జ్వరాలు ఏ లెక్కలోకి వస్తున్నాయి?

జ్వరం, దగ్గుతో వచ్చినవాళ్లను 'ఈ పది రోజుల్లో కోళ్లను గానీ, పచ్చి మాంసాన్ని గానీ ముట్టుకున్నావా?' అని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ అడగాలి. అవునంటే ముక్కు, గొంతు నమూనా ఆ రోజే వెళ్లాలి. కోవిడ్ నాటి ఆర్టీపీసీఆర్ యంత్రాలు పెద్దాసుపత్రుల్లో ఉన్నాయి. ఎక్కడైనా కోళ్లు చనిపోతే పశువుల డాక్టరు కబురు అదే పూట ఆ ఊరి ఏఎన్ఎంకు అందాలి. ఇది వచ్చే సంక్రాంతి లోపే మొదలవ్వాలని ఆరోగ్య శాఖను వేడుకుంటున్నాను.

ఇంకొక్క మాట. జ్వరమని చెబితే ఆ రోజు కూలి పోతుంది, కొట్టు పేరు పోతుందని మా మేనల్లుడు మూడు రోజులు నోరు విప్పలేదు. చెప్పినవాడికి ఫలితం వచ్చేదాకా కూలి డబ్బులు ప్రభుత్వమే ఇవ్వాలి. కోళ్లు పోయిన రైతుకు పరిహారం ఇస్తున్నారుగా!

– ఒక పాఠకుడు, తణుకు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా