ఒంటె పక్కన సగ్వారోనా?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం మీ పిల్లల పేజీలో థార్ ఎడారి మీద వేసిన వ్యాసం బాగుంది, బొమ్మే బాలేదు. ఇసుక దిబ్బలు, ఒంటె, పక్కనే చేతులు పైకెత్తినట్టు పొడుగాటి కాక్టస్! అది సగ్వారో అండీ. రాజస్థాన్‌లో కాదు కదా, ఆసియాలోనే ఎక్కడా సహజంగా పెరగదు. అరిజోనా దక్షిణ భాగం, సరిహద్దుకి అవతల మెక్సికోలోని సొనోరా, కాలిఫోర్నియా అంచున కాసిన్ని, అంతే. కౌబాయ్ బొమ్మల్లో టెక్సాస్‌లోనూ గీసేస్తారు గానీ అక్కడా లేదు.

మేం ఉండేది ఫీనిక్స్ దగ్గర, తెలుగువాళ్లు బాగానే ఉన్న ఊరు, కాబట్టి రోజూ చూసేదే రాస్తున్నా. ఇది ఇసుక దిబ్బల మొక్క కాదు. రాళ్ల గుట్టల వాలుల్లో, మెస్కీట్ (మన సర్కారు తుమ్మకి దగ్గర చుట్టం) లాంటి చెట్ల నీడన మొలుస్తుంది, మొదటి ఎనిమిదేళ్లకి అంగుళం, అంగుళంన్నర ఎదిగితే గొప్ప, ఆ చేతుల్లాంటి కొమ్మలు రావడానికి 50 నుంచి 75 ఏళ్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే పడుతుంది. అన్నీ కలిసొస్తే 150 ఏళ్లు దాటి బతుకుతుంది, 40 అడుగులు పెరుగుతుంది. చలికాలం జల్లులు, జులై ఆగస్టు వానలు రెండూ కావాలి. గడ్డకట్టే చలి ఎక్కువసేపుంటే తట్టుకోదు.

మే, జూన్‌లలో తెల్లటి పూలు రాత్రిపూట విచ్చుకుంటాయి, గబ్బిలాలు వస్తాయి, తెల్లారాక గువ్వలు, తేనెటీగలు. ఇక్కడి తొహోనో ఓదమ్ ప్రజలు పండ్లని పొడుగాటి కర్రలతో దించుకుంటారు, ఆ కర్రలూ ఎండిపోయిన సగ్వారో లోపలి ఈనెలే!

ఇప్పుడు దీని ప్రాణానికి వచ్చిందేమిటంటే బఫెల్ గడ్డి. మన మెట్టల్లో పశుగ్రాసంగా పెంచే అంజన్ గడ్డే అది, ఇక్కడా మేత కోసమే తెచ్చారు. ఎండితే గుట్టంతా అంటుకుంటుంది, సగ్వారోకి మంటల అలవాటే లేదాయె. దానికితోడు 2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తగ్గలేదు, కొమ్మలు ఊడి కొన్ని నిలువునా కూలాయి.

థార్ బొమ్మకి చెట్టు కావాలంటే జమ్మి ఉంది కదా! అక్కడ ఖేజ్రీ అంటారు, రాజస్థాన్‌కీ తెలంగాణకీ అదే రాష్ట్ర వృక్షం, దసరాకి పిల్లలంతా చూసేదే. వచ్చే ఆదివారం ఒంటె పక్కన జమ్మి గీయించి, చిన్న సవరణ కూడా వేయండి.

– ఓ పాఠకుడు, అరిజోనా