2024–25 వార్షిక నివేదిక: అలారం ఆపిన తలుపుల సంగతి

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన అపార్ట్‌మెంట్ సంఘం చేసిన పనుల నివేదిక ఇది. వానలకు ముందే ఇంకుడు గుంతలో పూడిక తీయించాం. ఓవర్‌హెడ్ ట్యాంకులు రెండుసార్లు కడిగించాం. లిఫ్టు ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) రెన్యువల్ అయింది. జమాఖర్చుల పట్టిక విడిగా ఇచ్చాం, కోశాధికారి గారు సమావేశంలో వివరిస్తారు. మిగతా నివేదికంతా ఒకే విషయం మీద రాస్తున్నాను: దొంగల అలారం ఉన్న తలుపులను తాత్కాలికంగా బైపాస్ చేయడం, అంటే తెరిచినా మోగకుండా ఆపి ఉంచడం. ఈ ఏడాది కమిటీకి అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే.

మన భవనంలో నాలుగు తలుపులకు అలారం ఉంది. సెల్లార్ మెట్ల తలుపు, క్లబ్‌హౌస్ తలుపు, జనరేటర్ గది తలుపు రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా కాపలాలో ఉంటాయి. టెర్రస్ తలుపు మాత్రం ఇరవై నాలుగు గంటలూ. "దానికి తాళం వేసేస్తే పోయేదానికి ఇదంతా ఎందుకు?" అని చాలామంది అడిగారు. తాళం వేయకూడదు. కింద మెట్ల దారిలో పొగ కమ్మితే పై అంతస్తుల వాళ్లకు మిగిలేది టెర్రస్సే. బయటపడే దారిలోని తలుపు తాళంచెవి అవసరం లేకుండా లోపలి నుంచి తెరుచుకోవాలని 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్ కూడా చెబుతోంది. తాళం వేయలేం కాబట్టే అలారం పెట్టుకున్నాం. అది మోగకపోతే ఆ తలుపుకు ఇంకే కాపలా లేదు.

ఇప్పుడు సెల్లార్ తలుపు సంగతి. ఆ తలుపు పైభాగంలో చూడండి. ఫ్రేముకు చిటికెన వేలంత తెల్ల డబ్బీ, దాని పక్కనే తలుపు రెక్కకు అదే సైజులో ఇంకొకటి ఉంటాయి. ఫ్రేము డబ్బీలో సన్నని గాజు గొట్టం, అందులో రెండు లోహపు రేకులు. రెక్క మీదిది అయస్కాంతం. తలుపు మూసి ఉంటే రేకులు కలిసి ఉంటాయి, తెరిస్తే విడిపోతాయి. తలుపు గురించి ప్యానెల్‌కు, అంటే అలారాన్ని నడిపే పెట్టెకు, తెలిసేది అంతే.

సెప్టెంబర్ 7న వినాయక చవితికి సెల్లార్‌లోనే మంటపం వేశాం. రాత్రి పదకొండు దాటినా భజన అయ్యేది కాదు. ప్రసాదం గిన్నెలు పైకీ కిందికీ తిరుగుతూనే ఉండేవి. వరసగా నాలుగు రాత్రులు సైరన్ మోగింది. ప్రతిసారీ ఎవరో ఒకరు బాల్కనీలోంచి వాచ్‌మన్‌ను కేకలేశారు. ఐదో రాత్రి మోగలేదు. హమ్మయ్య అనుకున్నామే తప్ప, ఎందుకు మోగలేదని ఎవరమూ అడగలేదు.

అక్టోబర్ మొదటి ఆదివారం నెలవారీ పరీక్ష కోసం సిస్టమ్ ఆన్ చేసి సెల్లార్ తలుపు బార్లా తెరిచాను. సైరన్ లేదు, కీప్యాడ్ మీద లైటు కూడా లేదు. టార్చ్ వేసి చూస్తే ఫ్రేము డబ్బీని ఆనించి, పాత సెన్సర్‌లోంచి తీసిన అయస్కాంతం బ్రౌన్ టేపుతో అతికించి ఉంది. టేపు అంచున దుమ్ము గీతలా పేరుకుంది. అంటే మూడు వారాలకు పైగా మన సెల్లార్ తలుపుకు కాపలా లేదు. ఉందనుకుని మనం పడుకున్నాం.

వాచ్‌మన్ దాచలేదు. "రాత్రిపూట అందరూ నన్నే తిట్టిన్రు సార్. ఎట్ల ఆపాలో నాకు ఎవరూ చెప్పలే" అన్నాడు. అతను చెప్పింది నిజం. కీప్యాడ్ కోడ్ అధ్యక్షుల దగ్గర, నా దగ్గర మాత్రమే ఉండేది. పదకొండు తర్వాత మేమిద్దరం నిద్రలో ఉంటాం. తప్పు కమిటీదే అని అప్పుడే అతనితో చెప్పాను, మీకూ చెబుతున్నాను.

కోడ్ కొట్టి ఆ ఒక్క జోన్‌ను (ప్యానెల్ లెక్కలో ఒక్కో తలుపు ఒక్కో జోన్) బైపాస్ చేసి ఉంటే ఇబ్బందే లేదు. మిగతా తలుపులు కాపలాలోనే ఉండేవి. కీప్యాడ్ మీద బైపాస్ గుర్తు వెలిగేది. ఎవరి కోడ్‌తో, ఎన్ని గంటలకు ఆపారో లాగ్‌లో పడేది. పొద్దున సిస్టమ్ ఆఫ్ చేయగానే బైపాస్ దానంతటదే తొలగిపోయి, మర్నాడు రాత్రికి తలుపు మళ్లీ కాపలాలోకి వచ్చేది. టేపుతో అంటించిన అయస్కాంతానికి ఇవేవీ లేవు. తలుపు ఎంతసేపు తెరిచి ఉన్నా ప్యానెల్ లెక్కలో అది మూసే ఉంటుంది.

రెండోది నవంబర్‌లో జరిగింది. రాయడానికి ఇప్పటికీ మనసు రావడం లేదు, కానీ సభ్యులకు తెలియాలి. సోలార్ పనివాళ్ల కోసం టెర్రస్ తలుపు అలారం ఆపాల్సి వచ్చింది. ఇరవై నాలుగు గంటల జోన్ కాబట్టి మన కోడ్‌లకు అది లొంగదు. టెక్నీషియన్ వచ్చి తన సర్వీసు కోడ్‌తో పక్కన పెట్టాడు. అలా పెట్టింది పొద్దున్నే దానంతటదే పోదు, మళ్లీ ఎవరో వచ్చి తీయాలి. పని రెండు రోజుల్లో అయిపోయింది. తీయించడం మేం మరిచిపోయాం. 19 రోజులు గడిచాయి.

ఒక మధ్యాహ్నం ట్యాంకు కడగడానికి వచ్చినతను ఫోన్ చేశాడు. "సార్, పైన పిల్లగాడు ఒక్కడే ఉన్నడు." లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కాను. పిట్టగోడ పక్కన, పనివాళ్లు వదిలేసిన ఖాళీ పెయింట్ డబ్బా బోర్లా వేసి, దాని మీద మునివేళ్లపై నిలబడి రోడ్డు చూస్తున్నాడు. ఒక చెప్పు డబ్బా పక్కన పడి ఉంది. ట్యాంకు అతను అప్పటికే వెనక నుంచి వాడి నడుము పట్టుకుని ఉన్నాడు. ఆరేళ్ల బాబు. పేరు రాయను. వాళ్ల అమ్మానాన్నలకు కమిటీ క్షమాపణ చెప్పింది, ఈ నివేదికలో మరోసారి చెబుతున్నాం. ట్యాంకు కడిగే అతనికి మనం ఎంత రుణపడి ఉన్నామో మాటల్లో చెప్పలేను.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టి పద్ధతి మార్చాం. వాచ్‌మన్ గదిలో బైపాస్ రిజిస్టర్ పెట్టాం. ఏ తలుపు, ఎందుకు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, అంతసేపూ తలుపు దగ్గర ఎవరు ఉంటారు, ఇవన్నీ రాసి సంతకం చేశాకే అలారం ఆపుతారు. ఒకసారికి నాలుగు గంటలు మించకూడదు, కావాలంటే మళ్లీ రాయాలి. తలుపుకు ఎర్ర బోర్డు వేలాడుతుంది. తిరిగి ఆన్ చేశాక తలుపు ఒకసారి తెరిచి, సైరన్ మోగడం చెవులారా విన్నాకే ఆ వరస కొట్టేస్తారు. వాచ్‌మన్లు ఇద్దరికీ విడివిడిగా కోడ్‌లు ఇచ్చాం, ఒక ఆదివారం మొత్తం కూర్చుని నేర్పించాం. టెక్నీషియన్ వస్తే, తాను ఆపినదాన్ని తీసి చూపించే దాకా పని పూర్తయినట్టు సంతకం పెట్టం. పొగ డిటెక్టర్లను, ప్యానిక్ బటన్‌ను మాత్రం ఎవరి కోసమూ ఆపం.

జనవరి 13, 14, 15 తేదీల్లో భోగి, సంక్రాంతి, కనుమ. గాలిపటాల కోసం పిల్లలు టెర్రస్ అడిగారు. పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు, మళ్లీ రాసి నాలుగు దాకా, ఇంకోసారి రాసి ఆరు దాకా ఇచ్చాం. మూడు రోజులూ టెక్నీషియన్ వచ్చి ఆపాడు, చీకటి పడేలోపు వచ్చి తీశాడు. తలుపు దగ్గర కుర్చీ వేసి పెద్దవాళ్లు వంతులవారీగా కూర్చున్నారు. మూడో అంతస్తు బామ్మగారు చాటలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, ఎక్కే ప్రతి పిల్లవాడి పేరూ అడిగి కాగితం మీద రాయించారు. దిగేటప్పుడు ఆ కాగితం చూసి లెక్క సరిచేశారు. ఆ కాగితం రిజిస్టర్‌లోనే అంటించి ఉంది, వచ్చి చూడండి.

కొందరు సభ్యులకు ఇబ్బందిగా ఉందని తెలుసు. ఇల్లు మారేటప్పుడు సోఫా లిఫ్టులో పట్టదు, తెల్లవారుజామున ముహూర్తానికి సామాను దించాలి, సెల్లార్ తలుపు తెరిచే ఉంచాలి. "పది నిమిషాల పనికి పుస్తకమెందుకు?" అన్నారు. మన దగ్గర తప్పిన రెండుసార్లూ అది కొద్దిపాటి పనిగానే మొదలైంది. శ్రావణంలో ఇల్లు మారేవాళ్లు ఒక రోజు ముందు చెబితే తలుపు దగ్గర మనిషిని మేమే ఏర్పాటు చేస్తాం.

మిగిలిన పనులు రెండు. సెల్లార్ తలుపుకు బయటి అయస్కాంతాన్ని పసిగట్టే రకం సెన్సర్ పెట్టించాలి. ప్యానెల్‌లోని 12 వోల్టుల బ్యాటరీ పాతబడింది, ఎండాకాలం కరెంటు కోతలకు ముందే మార్చాలి. రెండింటికీ కొటేషన్లు తెప్పించాం, సమావేశంలో మీ ఆమోదం కోరుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి