చెట్లు కొట్టకుండానే పెరట్లో చిన్న మడులు

సంపాదకులకు నమస్కారం.

ఏటా తొలకరికి ముందు మన ఊళ్లలో రెండు పనులు కనిపిస్తాయి. పెరట్లో మామిడో, బాదమో గుబురుగా పెరిగితే, ఆ నీడలో ఏదీ మొలవదని కొందరు చెట్టును మోడు చేయిస్తారు. ఆకులు ఊడవలేక ఇంకొందరు చెట్టు మొదలు దాకా సిమెంటు పోయిస్తారు. ఈ రెండూ అనవసరం. చెట్లున్న ఇంటికి ఒకే పెద్ద తోట కుదరకపోవచ్చు గానీ, నాలుగైదు చిన్న మడులు చక్కగా కుదురుతాయి. పైగా నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచి అమల్లో ఉంది. చాలా జాతుల చెట్లు కొట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాల్సిందే, అది మన స్థలంలో ఉన్న చెట్టైనా సరే.

పార పట్టకముందు ఎండ లెక్క చూసుకోవాలి. ఉదయం 8, 11, మధ్యాహ్నం 2, సాయంత్రం 5 గంటలకు ఎండ పడే చోట ముగ్గుతో గీతలు గీస్తే చాలు. ఒక్క రోజు చూసి ఊరుకోకూడదు. మన ప్రాంతంలో సుమారు మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అందుకే ఇంటికి ఉత్తరాన గోడ పక్క చోటు జూన్‌లో ఎండగా ఉంటుంది, డిసెంబరులో అక్కడే చుక్క ఎండ పడదు. జూన్‌లో చూసి అక్కడ వంగ, టమాటా నాటినవారు కార్తీకం వచ్చేసరికి సాగిపోయిన కాడలే చూస్తారు.

వంగ, మిరప, టమాటా, మల్లె, గులాబీకి ఆరు గంటల ఎండ కావాలి. నీడలో మల్లె ఆకు వేస్తుందే తప్ప మొగ్గ తొడగదు. మూడు, నాలుగు గంటల ఎండ చాలేవి పసుపు, అల్లం, చేమ, పుదీనా, కనకాంబరం. ఎండ దాదాపు పడని చోట ఫెర్న్, సింగోనియం, అగ్లోనిమా, మనీప్లాంట్ లాంటివి పెట్టుకోవాలి. నీడలో సాగు మన రైతులకు కొత్త కాదు. కోనసీమ కొబ్బరి తోటల్లో కోకో, కంద పండిస్తున్నారు. తమలపాకు తీగను అవిసె చెట్ల మీదికి పాకించేది ఊతంతో పాటు ఆ పలుచని నీడ కోసమే.

ఎక్కువ మంది దెబ్బతినేది వేర్ల దగ్గర. చెట్టుకు నీరూ, పోషకాలూ అందించే సన్న వేర్లలో ఎక్కువ భాగం పైన ఉన్న అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. గునపంతో తవ్వితే తెగేవి అవే. కాబట్టి మొదలు చుట్టూ కనీసం మూడడుగులు ఏమీ చేయకుండా వదిలేయండి. ఆ అవతల కూడా చేతిపారతో మూడంగుళాలకు మించి గుల్ల చేయొద్దు. బొటనవేలంత లావు వేరు తగిలితే కోయకుండా మడినే పక్కకు జరపాలి. ప్రహరీ పునాది కోసమో, కాలువ కోసమో ఒక వైపు పెద్ద వేర్లన్నీ కోసేస్తే చెట్టు ఆ వైపు పట్టు కోల్పోతుంది. తుపాను గాలికి అలాంటి చెట్టు నిలవడం కష్టం.

మట్టి ఎత్తు పెంచడంలోనూ హద్దు ఉంది. మొదలుకు ఆనించి మట్టి పోస్తే బెరడు ఎప్పుడూ తడిగా ఉండి కుళ్లుతుంది. వేర్ల మీద జానెడు మందాన బంకమట్టి పరిస్తే వాటికి గాలి ఆడదు. ఏడాది, రెండేళ్ల తర్వాత కొమ్మల చివర్లు ఎండడం మొదలవుతుంది. అప్పటికి ఈ మట్టి సంగతే గుర్తుండదు, తెగులు సోకిందనుకుని మందులు కొడతారు. నాలుగంగుళాల ఎత్తు చాలు. సిమెంటు లేకుండా ఇటుకలను వరసగా నిలబెడితే ఆ ఎత్తు వస్తుంది, నీరు సందుల్లోంచి జారిపోతుంది, వేరు లావెక్కితే ఇటుక జరుపుకోవచ్చు.

మడి ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉంటే రెండు వైపుల నుంచీ చేయి అందుతుంది. గోడ పక్కనైతే వెడల్పు రెండడుగులకు మించొద్దు. ఆరు బై మూడు మడికి నాలుగంగుళాల మందాన పదిహేను లీటర్ల బకెట్లతో పన్నెండు పడతాయి. ఆరు బకెట్లు ఎర్రమట్టి, మూడు బాగా మాగిన పశువుల ఎరువు, మూడు ఆకుల కంపోస్టు, నాలుగు గుప్పెళ్ల వేపపిండి కలిపితే సరిపోతుంది. పచ్చిపేడ వేయొద్దు. అది మగ్గేటప్పుడు పుట్టే వేడికి లేత వేర్లు మాడతాయి, చెద కూడా చేరుతుంది. కొబ్బరి చెట్లున్న ఇంట్లో పేడ కుప్ప నెలల తరబడి కదపకుండా వదిలితే కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ము పురుగు అందులోనే గుడ్లు పెడుతుంది.

ఈ కొలత మడిలో పసుపు మూడు వరసలు పడుతుంది. వరసల మధ్య అడుగు, కొమ్ముకూ కొమ్ముకూ తొమ్మిదంగుళాలు వదిలితే ఇరవై నాలుగు కొమ్ములు పట్టి, విత్తనం ముప్పావు కిలో దాకా అవుతుంది. జూన్‌లో రెండంగుళాల లోతున నాటి, పైన రెండు, మూడంగుళాల మందాన ఎండాకు కప్పాలి. జనవరి తర్వాత ఆకు పూర్తిగా ఎండాక తవ్వుకోవచ్చు.

అయితే ఏ చెట్టు కింద ఏది అన్నది అన్నిటికన్నా ముఖ్యం. పసుపుకు అక్టోబరు, నవంబరుల్లో దుంప ఊరే వేళ తడి తగ్గకూడదు. కొబ్బరికి అది మేలే. మామిడికి మాత్రం పూతకు ముందు అవే నెలల్లో నేల ఆరాలి. రోజూ నీళ్లు పడితే కొత్త చిగురు వేసి పూత తగ్గిస్తుంది. చెట్టు కాయడం లేదని బాధపడేవారు కిందున్న పూలమొక్కలకు పెట్టే పైపు వైపు కూడా చూడాలి. మామిడి కింద కంద పెట్టడం మంచిది. మేలోనో, జూన్‌లోనో నాటితే పూత కాలానికి ఆకు పండి వాలిపోతుంది, నీటి అవసరం తీరిపోతుంది. కందకు లోతు కావాలి కాబట్టి వేర్ల మధ్య గొయ్యి తీయకుండా, అడుగున చిల్లులు పొడిచిన సిమెంటు సంచిలో నాటండి. ముక్క అరకిలో నుంచి ముప్పావు కిలో ఉండాలి, ప్రతి ముక్కలోనూ నడిమి మొగ్గలో కొంత భాగం రావాలి. మొగ్గ లేని ముక్క మొలవడానికి చాలా ఆలస్యం చేస్తుంది. కోసిన ముక్కలను పేడనీళ్లలో ముంచి నీడలో ఆరబెట్టి నాటాలి.

మునగ నీడ పలుచన, దాని కింద చాలా మొక్కలు వస్తాయి. కానీ వానల్లో బొంత పురుగులు రాలతాయి, రోజూ చేతితో కోసే ఆకుకూరలు అక్కడొద్దు. బాదం ఆకు పెద్దది. రాలే కాలంలో రెండు రోజులు ఏరకపోతే లేత నారును కప్పేస్తుంది.

నీడ మరీ చిక్కగా ఉంటే అడుగు కొమ్మలు కొన్ని తీయించుకోండి, ఒక ఏడాదిలో నాలుగో వంతుకు మించకుండా. మామిడికైతే కాయ కోతలు అయిన వెంటనే, జూన్, జూలైల్లో. పూతకు ముందు కొడితే ఆ ఏటి పంట పోయినట్టే. లావు కొమ్మను ముందు కింది వైపు గాటు పెట్టి తర్వాత పైనుంచి కోయాలి, లేకపోతే కొమ్మ విరిగి మాను బెరడు చీల్చుకుంటూ పడుతుంది. కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయాలి.

రాలిన ఆకును దయచేసి తగలబెట్టకండి. మూడడుగుల ఎత్తున కోళ్లజాలీ గుండ్రంగా కట్టి, అందులో ఆకు నింపి, అరడుగుకో పొరగా పేడనీళ్లు చల్లి, పదిహేను రోజులకోసారి తిరగేస్తే ఇంటికి కావలసిన ఎరువు అక్కడే తయారవుతుంది. మామిడాకు మందం, నలిపి వేయకపోతే నెలల తరబడి అలాగే ఉంటుంది. ఈ కుప్పనూ, ఆకు కప్పునూ ఇంటి గోడకు అడుగు దూరంలో ఉంచాలి, లేదంటే చెద నేరుగా తలుపు చట్రానికి ఎక్కుతుంది. గుమ్మం ముందు, నడిచే దారి పక్కన రెండడుగులు పొదలు లేకుండా ఉంచితే పాము దాక్కోవడానికి చోటుండదు. కుండీల కింది పళ్లేల్లో నీళ్లు వారానికోసారైనా ఒంపి తుడవాలి, డెంగీ దోమ పెరిగేది అక్కడే.

చివరగా మీ పత్రికకూ, నర్సరీలవారికీ ఒక మనవి. కడియం మొదలుకొని ఊరూరా ఉన్న నర్సరీల్లో మొక్కతో పాటు పేరూ, ధరా చెబుతారు. దానికి రోజుకెన్ని గంటల ఎండ కావాలో కూడా సంచి మీద రాసి ఇస్తే, తెచ్చిన మొక్క నీడలో వాడిపోవడం చాలా వరకు తగ్గుతుంది. మీ తోటపని శీర్షికలో మిద్దెతోటలతో పాటు చెట్ల నీడ కింది సాగుకూ చోటివ్వండి, అదీ మే నెలలోనే. రంపం పట్టిన మనిషిని పిలిచేది అప్పుడే కాబట్టి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం