అరికాళ్లకు హాయి చాలు, చికిత్స పేరు వద్దు

సంపాదక మహాశయులకు,

నమస్కారములు. మీ ఆదివారం అనుబంధంలో రిఫ్లెక్సాలజీ గురించి, అంటే పాదంలో ఒక్కో చోటు ఒక్కో అవయవానికి చెందుతుందన్న నమ్మకంతో అరికాళ్లు ఒత్తే పద్ధతి గురించి, వచ్చిన వ్యాసం చదివాను. అరికాళ్లను పద్ధతిగా ఒత్తించుకుంటే ఒళ్లు తేలికపడుతుందనీ, రాత్రి నిద్ర బాగా పడుతుందనీ వ్యాసకర్త చెప్పిన మాటతో ఫిజియోథెరపిస్టుగా నాకు ఏ పేచీ లేదు. అయితే ఆ మాట దగ్గర ఆగకుండా, ఫలానా చోట ఒత్తితే క్లోమం చురుకై షుగర్ అదుపులోకి వస్తుందనీ, ఇంకోచోట నొక్కితే మూత్రపిండాల్లో రాళ్లు కరుగుతాయనీ రాయడం, అదే పేజీ అడుగున అరికాళ్లు ఒత్తే యంత్రం ప్రకటన కూడా కనిపించడం చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

ఈ విద్యకు వేల ఏళ్ల వయసు అంటగట్టడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. ఈజిప్టులోని సక్కారాలో ప్రాచీన కాలపు అధికారి అంఖ్‌మహోర్ సమాధి గోడ మీద, కొందరు మరికొందరి చేతులూ పాదాలూ పట్టుకుని ఏదో చేస్తున్న చిత్రం ఉన్న మాట నిజమే. వాళ్లు ఒత్తుతున్నారా, గోళ్లు తీస్తున్నారా అన్నది మాత్రం చూసేవారిని బట్టి మారుతోంది. మన ఊళ్లలో గోడలకు వేలాడుతున్న రంగురంగుల అరికాళ్ల పటం వయసు నూరేళ్లకు అటూ ఇటూ. అమెరికాలో చెవి, ముక్కు, గొంతు వైద్యుడైన విలియం ఫిట్జ్‌జెరాల్డ్ శరీరాన్ని తల నుంచి కాలివేళ్ల దాకా పది నిలువు పట్టీలుగా విభజించి, ఒక పట్టీలో ఒకచోట ఒత్తితే అదే పట్టీలోని మరోచోట నొప్పి తగ్గుతుందని చెబుతూ 1917లో ఎడ్విన్ బవర్స్‌తో కలిసి పుస్తకం వేశాడు. ఆ తర్వాత 1930లలో యూనిస్ ఇంగమ్ అనే ఆమె ఆ పట్టీలను పాదాల మీదికి దించి, బొటనవేలు తలకు, పాదం లోపలి అంచు వెన్నెముకకు, మడమ కటి భాగానికి అంటూ చోట్లు నిర్ణయించింది. మధుమేహం వాళ్లకు అమ్మే క్లోమం చోటు కూడా ఆ పటంలోదే. అరికాలి నుంచి క్లోమానికి ప్రత్యేకంగా వెళ్లే నరం ఏదీ శరీర నిర్మాణ శాస్త్రంలో లేదు. పైగా ఒక బడి వాళ్ల పటానికీ మరో బడి వాళ్ల పటానికీ చోట్లు పూర్తిగా కలవవు.

ప్రత్యామ్నాయ వైద్యాల పరిశోధకుడు ఎడ్జార్డ్ ఎర్నెస్ట్ 2009లో 18 క్లినికల్ పరీక్షలను కలిపి పరిశీలించి, ఏ జబ్బుకైనా రిఫ్లెక్సాలజీ పనిచేస్తుందని నమ్మకంగా చెప్పగల ఆధారం లేదని తేల్చారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2019 ఏప్రిల్ నుంచి ప్రైవేటు ఆరోగ్య బీమా రాయితీ వర్తించని ప్రకృతి చికిత్సల జాబితాలో దీన్ని చేర్చింది.

అలాగని హాయి అబద్ధం కాదు. నెమ్మదిగా, ఒకే లయలో పడే ఒత్తిడికి గుండె వేగం తగ్గుతుంది, ఊపిరి నిదానిస్తుంది, బిగుసుకున్న పిక్కలూ పాదాల కండరాలూ వదులవుతాయి. రోజంతా కౌంటరు దగ్గర నిలబడే వాళ్లకూ, బస్సు నడిపే వాళ్లకూ ఇంతకు మించిన సుఖం మరొకటి ఉందా? మన పెద్దలు దీన్ని ఎప్పుడో గుర్తించారు. రోజూ నూనె రాసుకోమన్న ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు తల, చెవులు, పాదాల విషయంలో ప్రత్యేకంగా శ్రద్ధ తీసుకోమన్నాడు. పాదాలకు నూనె మర్దన చేస్తే గరుకుదనం, బిగుతు, తిమ్మిరి, అలసట పోతాయనీ, చూపుకు మేలనీ చరకుడు అన్నాడు. చూపు సంగతి నేను చెప్పలేను గానీ, మిగతావి నా దగ్గరికి వచ్చేవారిలో నిత్యం చూస్తున్నవే. క్యాలెండర్లలో లక్ష్మీదేవి విష్ణుమూర్తి పాదాలు ఒత్తుతూ కనిపించే దేశంలో, కాళ్లు పట్టడం గొప్పదనం చెప్పడానికి క్లోమం పేరు అరువు తెచ్చుకోవలసిన అవసరం నాకైతే కనిపించదు.

ఇంట్లో చేసుకోదలచిన వారికి పెద్ద సరంజామా అక్కరలేదు. గోరువెచ్చని నీళ్లలో పాదాలు కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచి, అర చెంచా నువ్వుల నూనె అరచేతిలో రుద్దుకుని రాయాలి. ఆ తర్వాత మడమ నుంచి వేళ్ల వైపుగా బొటనవేలిని గొంగళిపురుగులా వంచుతూ చాపుతూ కొంచెం కొంచెం ముందుకు జరపాలి, గోరు గుచ్చుకోకూడదు. వేళ్ల కింది మెత్త దాటగానే వచ్చే గుంటలో నాలుగైదు ఊపిరుల సేపు ఆపి నిదానంగా ఒత్తితే చాలామందికి కళ్లు మూతలు పడతాయి. పాదానికి పది నిమిషాలు చాలు. చివర చీలమండను రెండు వైపులా తిప్పి వదిలిపెట్టాలి. నొప్పి పుడితేనే పనిచేస్తున్నట్టు అని కొన్ని కేంద్రాల్లో చెబుతున్నారు. ఆ మాట నమ్మి పళ్లు బిగబట్టి కూర్చోవద్దు.

నా అసలు ఆందోళన మధుమేహం ఉన్నవారి గురించి. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం మన దేశంలో వారు 10 కోట్లకు పైగా ఉన్నారు. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే పాదాల నరాలు మొద్దుబారతాయి. వేడి, గాయం, ఒత్తిడి దేన్నీ పాదం చెప్పదు. అరికాళ్లు మంటలు పుడుతున్నాయని ఒక పెద్దాయన ముళ్ల చక్రాల యంత్రం మీద రోజూ పాదాలు పెట్టి కూర్చునేవారు. బొటనవేలి కింద తోలు లేచి, పుండై, సాక్సుకు చీము అంటేదాకా ఆయనకు నొప్పి అనేదే తెలియలేదు. ఆ సాక్సు చూసి కనిపెట్టింది ఉతకబోయిన కోడలు. ఆ యంత్రం అమ్మినవాళ్లు ఆయనను షుగర్ ఉందా అని ముందే అడిగారు. ఉందంటే, అయితే ఇది మీ కోసమే అన్నారట. పార్కుల్లో గులకరాళ్ల బాట మీద చెప్పులు విడిచి నడిచే మధుమేహ రోగులకూ ఇదే ప్రమాదం. అలాగే ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే దాన్ని ఒత్తకూడదు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు.

ఇక ప్రకటనల మాట. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మధుమేహం, రక్తపోటు, పక్షవాతం, క్యాన్సర్ వంటి 54 జబ్బులూ స్థితులూ నయం చేస్తామంటూ మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధిస్తోంది. శరీరం పనితీరును మార్చడానికి ఉద్దేశించిన ఏ వస్తువైనా, తినేది తప్ప, ఆ చట్టం దృష్టిలో మందే. అరికాళ్లు ఒత్తే యంత్రాలూ చెప్పులూ దానికి అతీతమని మీ ప్రకటనల విభాగం అనుకుంటున్నట్టుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా కూడా ఉంది.

కాబట్టి మీకు రెండు విన్నపాలు. రిఫ్లెక్సాలజీ గురించి మళ్లీ రాసినప్పుడు సేదతీరే మార్గంగా ఎంత వివరంగానైనా రాయండి. మధుమేహం, రక్తం గడ్డలు, మానని పుండ్లు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ని అడగాలన్న వాక్యం మాత్రం వ్యాసం చివర చిన్న అక్షరాల్లో కాక, మొదటి పేరాలోనే వేయండి. జబ్బు పేరు ఉన్న యంత్రాల ప్రకటనలను తిప్పి పంపండి. పాఠకుల సౌకర్యం కోసం, ఇటువంటి ప్రకటనలపై ఫిర్యాదు చేయడానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 అని కూడా ప్రచురిస్తే సంతోషిస్తాను.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు,
హనుమకొండ