2024–25 వార్షిక నివేదిక: పంచాయతీ లెక్కలు వీధిలో చదివిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

కనిగిరి ప్రాంతంలో నీళ్ల కష్టం గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. బోరు వేస్తే ఫ్లోరైడు, ఎండాకాలం వస్తే ట్యాంకరు. పంచాయతీ ఖర్చులు చూద్దామని ఏడాది మొదట్లో మన సంఘం కూర్చున్నప్పుడు, ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చింది మహిళా సభ్యులే. "రోడ్లు తర్వాత చూద్దురుగానీ, ముందు ట్యాంకరు ట్రిప్పులు చూడండి" అన్నారు. ఏడాదంతా ఎక్కువ పని అక్కడే పడింది, ఈ నివేదికలో కూడా దాని గురించే ఎక్కువ ఉంటుంది.

ట్రిప్పుల రిజిస్టరు, బిల్లుల నకళ్లు కావాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికైతే ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మనకు రాలేదు. పై అధికారికి మొదటి అప్పీలు వేసిన తర్వాత గానీ కాగితాలు కదల్లేదు. పేజీకి 2 రూపాయల చొప్పున కట్టి నకళ్లు తెచ్చుకున్నాం.

పడమటి వీధిలో మన సభ్యురాలు ఒకామె ఇంటి గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు ఉన్నాయి. ఎవరి వంతు ఎప్పుడో తగువు రాకుండా ఆమె పెట్టుకున్న లెక్క అది. ట్యాంకరు వచ్చినప్పుడల్లా ఒక నిలువు గీత, ఐదోసారి అడ్డగీత, పక్కన వారం పేరు. ఆ గోడ ముందు చాప పరుచుకుని కూర్చుని రిజిస్టరు నకలు పెద్దగా చదివాం. ఒకరు తేదీ చదువుతుంటే ఆడవాళ్లు "వచ్చింది", "రాలేదు" అని చెబుతూ వచ్చారు. ఒక తేదీకి రెండు ట్రిప్పులని రాసి ఉంది. "ఆ రోజు వాగు పొంగి ఆటో కూడా రాలేదన్నా, ట్యాంకరు ఎట్లా వచ్చింది?" అందామె. ఇంకో తేదీ దగ్గర సంతకం గడిలో వేలిముద్ర ఉంది. ఆ పేరున్న పెద్దమ్మ అప్పటికి పది రోజులుగా కూతురి కాన్పుకని ఒంగోలులో ఉంది. కాగితం చేతిలోకి తీసుకుని ఆ ముద్రను పెద్దమ్మ చాలాసేపు చూసింది. "నా పేరు మీద నీళ్లు ఎవరు తాగారయ్యా" అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ మనసులోంచి పోవడం లేదు.

తేడా వచ్చిన తేదీలన్నీ పట్టికగా రాసి, చూసినవాళ్ల సంతకాలు పెట్టించి మండలంలో ఇచ్చాం. విచారణకు వచ్చిన అధికారి గోడను ఫోన్లో ఫోటో తీసుకున్నారు. ఆ తేదీల బిల్లులు ఆపామని నోటిమాటగా చెప్పారు. రాతపూర్వకంగా ఇమ్మని అడిగాం, ఇంకా రాలేదు. ఒకటి మాత్రం మారింది. ఇప్పుడు ట్రిప్పు దిగిన ప్రతిసారీ ఆ వీధిలో ఇద్దరు ఆడవాళ్లు టైము వేసి సంతకం చేస్తున్నారు.

మా పొరపాటు ఒకటి కూడా ఇక్కడ చెప్పాలి. చేతిపంపు రిపేరు బిల్లు ఒకటి దొంగ బిల్లని మేం తొందరపడి గ్రామసభలో అనేశాం. ఆ పంపు ఎస్సీ కాలనీ చివర ఉంది. అక్కడికి వెళ్లి చూడకుండానే మాట్లాడాం. పంపు బాగైంది, పైపులు మార్చారు, కాలనీవాళ్లే చూపించారు. తర్వాతి సభలో కార్యదర్శి గారికి అందరి ముందూ క్షమాపణ చెప్పాం. అప్పటి నుంచి, పని జరిగిన చోటికి వెళ్లకుండా బిల్లు గురించి ఎవరూ నోరు విప్పకూడదని కమిటీ తీర్మానం చేసింది.

"నీళ్లకు నిధుల్లేవు" అనే మాట మనం ఏళ్ల తరబడి వింటున్నాం. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం టైడ్ నిధులు, అంటే చెప్పిన పనికే వాడాల్సినవి. అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం వాడకూడదు. ఏ పద్దులో ఎంత ఖర్చయిందో 2020 ఏప్రిల్ 24న మొదలైన ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్లో చూడొచ్చు. మేం చూసిన వివరాలు ఇంగ్లీషులో ఉండటంతో, డిగ్రీ చదివే మన పిల్లలు ముగ్గురు దాన్ని తెలుగులో చార్టు మీద రాసి రచ్చబండ దగ్గర అంటించారు. వానకు తడిస్తే మళ్లీ రాశారు. వాళ్లకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. మన ఊళ్లో ఉపాధి హామీ పనుల జాబితా గబగబా చదివేసి హాజరు పుస్తకం తిప్పడం మొదలుపెట్టారు. మళ్లీ నిదానంగా చదవమని అడిగాం. సర్పంచి గారు కాదనకుండా చదివించారు. రెండోసారి చదివినప్పుడే, మనం అడిగిన కాలువ పని జాబితాలో లేదని తెలిసి చేర్పించుకున్నాం. ఒక్కసారి విని సంతకం పెట్టి ఉంటే అది పోయేదే.

అంతకు వారం ముందు జెండా పండుగ ఖర్చు లెక్క కూడా చదివించాం. 5,000 లోపు జనాభా ఉన్న పంచాయతీలకు అప్పటిదాకా ఇచ్చింది 100 రూపాయలే, ఆ ఏడాది 10,000 చేశారు. స్కూలు పిల్లలే లెక్క అడిగారు, కార్యదర్శి గారు బిల్లులు చూపించి మరీ చెప్పారు.

సిమెంటు రోడ్డును టేపుతో కొలిచి ఎం-బుక్కు (పని కొలతలు రాసే పుస్తకం) నకలుతో సరిచూశాం. పొడవు, వెడల్పు సరిపోయాయి. మందం సంగతి ఇంజినీరు సమక్షంలో చూడాలి, అది వచ్చే ఏడాది పనుల్లో ఉంది.

మన సంఘం ఖర్చులో ఎక్కువ భాగం జిరాక్సులకు, కనిగిరి, ఒంగోలు బస్సు చార్జీలకు అయింది. రసీదులన్నీ కోశాధికారి దగ్గర ఫైల్లో ఉన్నాయి. ఏ సభ్యులైనా, ఏ రోజైనా అడిగి చూడొచ్చు.

వచ్చే ఏడాది ఇంటిపన్ను చూడబోతున్నాం. మనం కట్టింది డిమాండు రిజిస్టరులో (ఎవరి పన్ను ఎంతో రాసే పుస్తకం) అంతే ఎక్కిందా, గ్రంథాలయ సెస్సు కింద పన్ను రూపాయికి 8 పైసలు సరిగ్గా జమయ్యాయా అని. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు గత మూడేళ్ల పన్ను రసీదులు తెండి. రసీదు దొరకనివాళ్లు ఎప్పుడు, ఎంత, ఎవరి చేతికి కట్టారో గుర్తున్నంత వరకు చీటీ మీద రాసి తెచ్చినా చాలు.

— కార్యదర్శి, కార్యవర్గం తరఫున