క్లాసులో తూగే పిల్లలు: బద్ధకం అనేముందు

తల్లిదండ్రులకు నమస్కారం.

పిల్లలు క్లాసులో నిద్రపోతున్నారని మేం కబురు పెడితే కొందరు ఇంట్లో కొడుతున్నారని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొట్టమని కాదు, కనిపెట్టమని చెబుతున్నాం.

ముందు రాత్రి నిద్ర లెక్క చూడండి. 6 నుంచి 12 ఏళ్ళ వారికి రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళ వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పదకొండున్నర దాకా ఫోను చూసి, ఐదింటికే ట్యూషన్‌కు లేచే పదో తరగతి పిల్లకు ఆ నిద్ర ఎక్కడిది? రాత్రి తొమ్మిదికల్లా ఫోను మీ దగ్గర పెట్టుకోండి. పైడితల్లి అమ్మవారి పండగకు తొలేళ్ళు, సిరిమాను రోజుల్లో మేలుకుని ఆ వారం తూగితే కంగారు పడక్కర్లేదు.

నా బెంగంతా సరిపడా పడుకుని కూడా తూగే పిల్లల గురించే. రెండు మూడు వారాల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

"గుర్రుపెట్టి హాయిగా పడుకుంటాడండీ" అని మీలో కొందరు సంతోషంగా చెబుతారు. పిల్లలకు రోజూ గురక రావడం మంచిది కాదు. టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ పెరిగి గాలికి అడ్డుపడితే నిద్రలో ఊపిరి కాసేపు ఆగి, మళ్ళీ అందుతుంది. రాత్రంతా ఇలా జరిగితే ఎన్ని గంటలు పడుకున్నా నిద్ర చాలదు. నోరు తెరిచి పడుకోవడం, చెమటలు పట్టడం, పక్క తడపడం కూడా ఉండొచ్చు. పగలు అందరూ తూగరు. కొందరు చిరాకుగా, కుదురు లేకుండా ఉంటారు, వాళ్ళకు అల్లరివాళ్ళన్న పేరొస్తుంది. ఒక రాత్రి పక్కన కూర్చుని చూడండి, ఫోనులో వీడియో తీయండి. డాక్టరుకు అది బాగా పనికొస్తుంది.

నార్కోలెప్సీ అనే జబ్బు అరుదు, కానీ ఎక్కువగా హైస్కూలు వయసులోనే మొదలవుతుంది. తింటూ, మాట్లాడుతూ ఉండగానే నిద్ర ముంచుకొస్తుంది. కొందరు పకపకా నవ్వినప్పుడు మోకాళ్ళు సడలి కూలబడతారు. స్పృహ మాత్రం ఉంటుంది. దీన్ని మూర్ఛ అనో, గాలి సోకిందనో అనుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. తాయెత్తు కట్టించినా సరే, డాక్టరు దగ్గరకు వెళ్ళడం మానకండి.

రక్తహీనత, థైరాయిడ్, మనసులో దిగులు, జలుబుకు వాడే కొన్ని సిరప్‌లు కూడా కారణం కావచ్చు. ఏ మందులు వాడుతున్నారో డాక్టరుకు చెప్పండి.

తలకు దెబ్బ తగిలాక మత్తుగా ఉన్నా, జ్వరంలో లేపినా సరిగా లేవకపోయినా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. నేల మీద పడుకున్న బిడ్డ తెల్లారేసరికి కడుపునొప్పి అంటూ, రెప్పలు ఎత్తలేకపోతే కట్లపాము కాటు కావచ్చు, అప్పుడూ వెంటనే 108కే ఫోన్ చేయండి. గాటు కనిపించకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు.

మిగతావాళ్ళు ముందు మీ పీహెచ్‌సీలోనో, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకో చూపించండి. నిద్ర పరీక్ష కావాలంటే ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళే రాసిస్తారు. వెళ్ళేముందు క్లాస్ టీచర్‌ను కలవండి. బిడ్డ ఏ పీరియడ్‌లో, ఎంతసేపు తూగుతున్నాడో కాగితం మీద రాసిస్తారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు